తంగేడు పూవు - శాస్త్ర ప్రమాణము

అశోక్‌నగరు ప్రక్కన, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. ఉద్యోగ పరీక్షలకై జిల్లాల నుండి వచ్చిన యువతీయువకులు ప్రొద్దుననే అచ్చటికి చేరి, చీకటిపడువరకు పుస్తకములతో కాలము గడుపుదురు. ఆ చదువరులలో మా పెదనాన్నగారి మనుమరాలు ఒకతె. వృక్షశాస్త్ర విద్యార్థిని.

పెదనాన్నగారి నివాసము నారాయణగూడ. ఆయనకు చాలకాలముగా మధుమేహము. ఒకనాడు ఆయన ఫోనులోనికి ఒక సందేశము వచ్చినది: తంగేడు పూల కషాయము త్రాగినచో మధుమేహము నయమగునని శాస్త్రజ్ఞులు నిరూపించిరట! ఆయన మాత్రలు మానివేయుటకు సిద్ధపడినారు. మనుమరాలు వాదింపలేదు. “తాతయ్యా, ఆ శాస్త్రజ్ఞులెవరు? ఏ పత్రికలో వ్రాసినారు? నేను చూచి చెప్పువరకు మాత్రలు మానవద్దు” అని మాత్రము కోరినది. ఆ అమ్మాయి చేసిన అన్వేషణమే ఈ ప్రసంగమునకు ఆధారము.

మొక్కలను గూర్చిన శాస్త్రగ్రంథములను వెదకువారికి మొదట ఎదురగు చిక్కు పేరు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పము. బతుకమ్మను పేర్చునపుడు ముందు నిలుచు పూవు. అయినను “నేలతంగేడు” అని మనవారు పిలుచునది వేరొక మొక్క. అది విరేచనకారి యగు సునాముఖి. ఒకదాని గుణము మరియొకదానికి అంటగట్టినచో ప్రమాదము గదా! కావున శాస్త్రీయ నామము తప్పనిసరి.

ఆ నామమైనను ఒక్కటిగా నిలువలేదు. 1753లో లినేయసు ఈ మొక్కకు కాసియా ఆరిక్యులేటా అని పేరిడెను. సామర్లకోటలో తోట పెంచి, మన తీరపు మొక్కలకు చిత్రములు వ్రాయించిన విలియం రాక్స్‌బరో దీనిని సెన్నా ప్రజాతిలో చేర్చెను. ఆయన మరణానంతరము 1832లో వెలువడిన గ్రంథములో ఆ పేరు కనబడును. తరువాతి పండితులు మరల కాసియా అనియే వ్యవహరించిరి. 1982లో ఇర్విన్, బార్నెబీ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఈ వర్గమును పునఃపరిశీలించిన పిమ్మట సెన్నా ఆరిక్యులేటా అను పేరు స్థిరపడినది. దీనివలన ఫలితమేమనగా, క్రొత్త పేరుతో మాత్రమే వెదకువానికి పాత పరిశోధనలలో పెక్కు కంటబడవు. పాత పేరుతో వెదకువానికి క్రొత్తవి తప్పిపోవును. రెండు పేర్లతోను వెదకవలెను. ఏ పేరు నేడు చెల్లునో, దాని పూర్వనామములేవో లండనులో గల క్యూ ఉద్యానమువారి జాబితాలో ఉచితముగా చూడవచ్చును.

సాధారణ పాఠకులకై వెలసిన గ్రంథాలయము పరిశోధన పత్రికలన్నిటిని తెప్పించుట సాధ్యము కాదు. అయినను నేడు ఇంటి నుండియే చూడదగిన భాండాగారములు కలవు. రాక్స్‌బరో గ్రంథములు, గాంబుల్ రచించిన మద్రాసు రాజధాని వృక్షసంపద వంటి ప్రాచీన గ్రంథములు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో పుటపుటగా లభించును. మన విశ్వవిద్యాలయముల సిద్ధాంతవ్యాసములు శోధ్‌గంగలో ఉన్నవి. పత్రికలలోని వ్యాసములను గూగుల్ స్కాలర్ చూపును. కాని అది చూపుటయే గాని, మంచిచెడ్డలను నిర్ణయింపదు. ఆ నిర్ణయము చదువరిదే.

అమ్మాయికి దొరికిన వ్యాసములలో ఒకటి 2002లో సింగపూరు వైద్య పత్రికలో వెలువడినది. అన్నామలై విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు, మందు ఎక్కించి మధుమేహము కలిగించిన ఎలుకలకు తంగేడు పూల సారమునిచ్చి చూడగా వాటి రక్తములో చక్కెర తగ్గినది. ఇది కల్ల కాదు. కాని పెదనాన్నగారికి వచ్చిన సందేశములో “ఎలుకలు” అను మాట లేదు. మనుష్యునికి ఎంత మోతాదు క్షేమము, ఎంతకాలము వాడవచ్చును, తాను తీసికొనుచున్న మాత్రలతో కలిసినపుడు ఏమగును - ఈ ప్రశ్నలకు ఎలుకల మీది పరీక్ష సమాధానమీయజాలదు.

ఏ వ్యాసము చేతికి వచ్చినను మూడు ప్రశ్నలు వేయవలెను. మొదటిది: వారు పరీక్షించిన మొక్క ఏది? మంచి పరిశోధకుడు తాను వాడిన మొక్క కొమ్మను ఎండబెట్టి, హెర్బేరియమునకు అప్పగించి, దాని సంఖ్యను వ్యాసములో తెలుపును. అనుమానము గలవారు పోయి ఆ కొమ్మను చూడవచ్చును. ఇట్టి నమూనాలను భద్రపరచు భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు మన హైదరాబాదులోను ప్రాంతీయ కేంద్రము కలదు. అంగడిలో కొన్న పొడిని పరీక్షించి, పేరు మాత్రము వ్రాసిన వ్యాసమునకు అంత విలువ లేదు.

రెండవది: పరీక్ష దేనిమీద జరిగినది? గాజుగొట్టములోనా, జంతువులమీదనా, మనుష్యులమీదనా? సారమునిచ్చిన వారితో పోల్చుటకు ఈయని వారి గుంపు వేరుగా ఉన్నదా?

మూడవది: అచ్చునకు ముందు తోటి శాస్త్రజ్ఞులు ఆ వ్యాసమును పరిశీలించిరా? రుసుము పుచ్చుకొని, పరిశీలన లేకయే అచ్చువేయు పత్రికలు నేడు పెక్కు కలవు. మన విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2019లో నమ్మదగిన పత్రికల పట్టికను ప్రకటించిరి. 2025లో దానిని విరమించుకొనిరి. కావున ముద్ర చూచి నమ్ముట చాలదు. ఒక వ్యాసము మరియొకదానిని ప్రమాణముగా చూపినచో, ఆ మూలమును తెరచి, అందు ఆ మాట నిజముగా ఉన్నదో లేదో చూడవలెను. పది వ్యాసములు ఒకే మాట చెప్పినను, అన్నియు ఒక్కదానినే వల్లించినవైతే సాక్ష్యము ఒక్కటియే.

అమ్మాయి ఆ వ్యాసమును తెలుగులో విప్పి చెప్పినది. పెదనాన్నగారు సాంతము విని, “అయితే ఎలుకకు తగ్గినదన్నమాట!” అని నవ్వినారు. మాత్రలు మానలేదు. కషాయము మాట వైద్యునితో చెప్పి, ఆయన సలహా ప్రకారము నడచుకొనుటకు ఒప్పుకొన్నారు. తంగేడు పూలను మాత్రము బతుకమ్మకు తెప్పించినారు.