జబ్బు కంటే ముందు చేరాల్సిన ఉద్యోగం

గ్రానైట్ పలకను నీళ్లు పెట్టకుండా కోస్తే తెల్లటి దుమ్ము మబ్బులా లేస్తుంది. అందులో కంటికి కనిపించే రేణువులు చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోయి కఫంతో బయటికొచ్చేస్తాయి. ఊపిరితిత్తుల చివరనున్న గాలిగదుల దాకా వెళ్లేవి నాలుగైదు మైక్రాన్ల లోపు రేణువులు. అవి విడివిడిగా కంటికి ఆనవు, తొందరగా నేలకు దిగవు. మబ్బు తగ్గింది కదా అని ముఖానికి కట్టుకున్న గుడ్డ విప్పి, అక్కడే కూర్చుని టీ తాగే మనిషి వాటినే పీలుస్తుంటాడు.

రాతిలోని క్వార్ట్జ్ ఒక రకం స్ఫటిక సిలికా. అది గాలిగదిలోకి చేరగానే అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణం దాన్ని మింగుతుంది, కానీ అరిగించుకోలేక తానే చస్తుంది. చస్తూ వదిలిన రసాయనాలకు చుట్టుపక్కల వాపు వస్తుంది. బయటపడ్డ ఆ రేణువునే మరో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే మెత్తటి ఊపిరితిత్తి గట్టిపడి మచ్చలు కడుతుంది. ఇదే సిలికోసిస్. పని మానేశాక కూడా ముదురుతుంది. మచ్చను మళ్లీ మామూలు కణజాలంగా మార్చే మందు లేదు. పైగా ఇది ఉన్నవారికి క్షయ సోకే ముప్పు ఎక్కువ. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనిపించవచ్చు కాబట్టి, ‘ఏం పని చేస్తావు?’ అని డాక్టరు అడగకపోతే క్షయ మందులతోనే కాలం గడిచిపోతుంది.

ఆ ప్రశ్న రోగిని తప్పకుండా అడగాలని 1700లోనే ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని తన పుస్తకంలో రాశాడు. రెండు శతాబ్దాలు గడిచాక అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు ఆస్పత్రిలో కూర్చోకుండా సీసం వాడే ఫ్యాక్టరీల్లోకే నడిచి వెళ్లింది. 1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం బోధకురాలిగా తీసుకున్న మొదటి మహిళ ఆమే. ఫ్యాక్టరీల్లోకి వెళ్లి ఆమె చేసిన పనే ఇవాళ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్ చేసేది. రోగి దగ్గరికి కాదు, రోగం పుట్టే చోటికి వెళ్తాడు.

వెళ్లి ఏం చేస్తాడు? కొలుస్తాడు. కార్మికుడి నడుముకు సెల్‌ఫోన్ అంత పంపు కట్టి, దాని గొట్టం కొసను కాలరుకు, అంటే ముక్కుకు జానెడు దూరంలో, తగిలిస్తాడు. గొట్టం చివరున్న ‘సైక్లోన్’ అనే చిన్న పరికరం పెద్ద రేణువులను వేరుచేసి, ఊపిరితిత్తి లోతుకు పోగలిగిన వాటినే ఫిల్టర్ మీదికి పంపుతుంది. నిమిషానికి 1.7 లీటర్ల చొప్పున 8 గంటల్లో ఆ పంపు లాగే గాలి 816 లీటర్లు. అమెరికా 2016లో పెట్టిన పరిమితి ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాముల స్ఫటిక సిలికా. ఆ లెక్కన రోజంతా నడిచిన ఫిల్టర్ మీద 40 మైక్రోగ్రాముల క్వార్ట్జ్ కనిపిస్తే పరిమితి చేరినట్లే. ఒక ఉప్పు రవ్వ బరువు కూడా లేదది! ఇంత సూక్ష్మమైన తూకం కాబట్టే పంపు వేగం ముందూ వెనకా సరిచూడని నమూనాకు విలువ లేదు.

2025 దాకా అమల్లో ఉన్న మన 1948 ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలులో మరో సూత్రం ఉండేది. దుమ్ములోని క్వార్ట్జ్ శాతానికి 2 కలిపి, ఆ మొత్తంతో 10ని భాగించాలి. వచ్చేదే పీల్చదగ్గ దుమ్ముకు పరిమితి. గ్రానైట్ దుమ్ములో 30 శాతం క్వార్ట్జ్ ఉందనుకుంటే 0.31 మిల్లీగ్రాములు వస్తుంది. అందులో క్వార్ట్జ్ వాటా 0.09కి పైనే. అమెరికా పరిమితికి దాదాపు రెట్టింపన్నమాట. చీమకుర్తి గ్రానైట్ గనుల్లో పనిచేసేవాడి ఊపిరితిత్తి అమెరికావాడి దానికంటే గట్టిదేమీ కాదు.

కొలిచాక ఆపే పని. రాయి కోసేచోట నీటిధార పెట్టడం, దుమ్ము పుట్టిన చోటే లాగేసే గొట్టాలు అమర్చడం, క్రషర్‌ను మూసి ఉంచడం ముందు. మాస్కు ఆఖరిది. ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఈ లెక్కలోకే రాదు. చాలాచోట్ల ఈ వరుస తిరగబడి ఉంటుంది, ఎందుకంటే మాస్కులు చవక.

ఈ చదువు రాళ్ల దగ్గరే ఆగదు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గర పరవాడలో ఉన్న మందుల కంపెనీల్లో పొడిని తూచే మనిషి ఒంట్లోకి ఆ మందే పోవచ్చు. 1970ల్లో ప్యూర్టోరికోలో గర్భనిరోధక మాత్రలు తయారుచేసే కర్మాగారంలో కొందరు మగ కార్మికులకు రొమ్ములు పెరిగాయి. కారణం గాలిలోని ఈస్ట్రోజెన్ దుమ్మే. అందుకే శక్తివంతమైన మందులకు పరిమితిని మైక్రోగ్రాముల్లోనే రాస్తారు. హైజీనిస్టులకు మన దగ్గర ఉద్యోగాలు ఎక్కువగా దొరికేది ఇక్కడే అని నా అంచనా. గల్ఫ్ చమురు కంపెనీల్లోనూ ఉన్నాయి.

కెమిస్ట్రీ, కెమికల్ ఇంజినీరింగ్, ఫార్మసీ చదివినవారు ఇటు రావచ్చు. ఎంబీబీఎస్ వాళ్లకు ఏఎఫ్ఐహెచ్ (అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్) అనే మూడు నెలల కోర్సు ఉంది. ముంబయి సయన్‌లోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ శిక్షణ ఇస్తుంది, అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధన చేస్తుంది. తగిన డిగ్రీ, అనుభవం ఉంటే అమెరికావారి సీఐహెచ్ (సర్టిఫైడ్ ఇండస్ట్రియల్ హైజీనిస్ట్) పరీక్ష రాయొచ్చు. కానీ పరీక్షల కంటే కష్టమైనదొకటి ఉంది. జీతమిచ్చే యజమానికి నచ్చని అంకెను మార్చకుండా ఆయన బల్లమీద పెట్టాలి. అది చేతకాదనుకుంటే వేరే ఉద్యోగం చూసుకోవడం మేలు.

ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఒక మాట అడగండి: ‘నిరుడు తీసిన గాలి నమూనాల నివేదికలు చూపిస్తారా? వాటిని కార్మికులకూ చూపించారా?’ జవాబుగా మాస్కుల స్టాకు రిజిస్టరు తెచ్చి చూపిస్తే, వాళ్లకు కావలసింది స్టోర్‌కీపర్ అని అర్థం చేసుకోండి.