మీకు తెలుసా? ఈ సాసేజ్‌లో అన్నం ఉంటుంది!

అమెరికాలోని లూసియానాలో కేజన్లు చేసే ‘బూడాన్’ సాసేజ్‌లో మాంసంతో పాటు అన్నమూ ఉంటుంది. కేజన్లంటే, 1755 నుంచి బ్రిటిష్‌వారు ఇప్పటి కెనడా ప్రాంతం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి. వాళ్లు స్థిరపడ్డ నైరుతి లూసియానా వరి పండే నేల మరి!

పంది మాంసం, కార్జం మెత్తగా ఉడికించి, ముతకగా రుబ్బి, అన్నం, ఉల్లికాడలు, పార్స్లీ, కారం కలుపుతారు. మాంసం ఉడికిన నీళ్లు తగినన్ని పోయడంలోనే పనితనమంతా ఉంది. అవి తగ్గితే ముద్ద పొడిపొడిగా రాలిపోతుంది. ఆ ముద్దను కడిగిన పంది పేగులో కూరి, తెర్లనివ్వకుండా సన్నని సెగ మీద వేడినీళ్లలో ఉంచుతారు. చాలామంది ఒక కొస కొరికి, ముద్దను నేరుగా నోట్లోకి పిండుకుంటారు. పేగు పారేస్తారు.

ఇదే ముద్దను కౌజు పిట్టల పొట్టలో కూరి కాలుస్తారు కూడా. కౌజులో కొవ్వు తక్కువ, ఇట్టే ఎండిపోతుంది. అందుకే పైన బేకన్ చుడతారు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: లోపలి ముద్ద ముందే ఉడికినదైనా, పచ్చి పిట్ట రసాలు అందులోకి దిగుతాయి. కాబట్టి ముద్ద నడిమధ్య కూడా 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. పైరంగు చూసి దించేయకూడదు, థర్మామీటర్ గుచ్చి చూడాల్సిందే.