పరీక్ష ముందా, తీర్పు ముందా?

"సార్, ఈసారి మావాడు మొదటి పేపరు తెలుగులో రాయొచ్చా?" తమిళనాడులో తెలుగు చెప్పుకొంటున్న నాకు పదో తరగతి తల్లిదండ్రుల నుంచి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. జవాబు నా దగ్గర లేదు. కోర్టు దగ్గరుంది.

తమిళాన్ని తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చింది. ఒకటో తరగతిలో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున పైకి వచ్చి, 2016 పరీక్షల నాటికి పదికి చేరింది. మైనారిటీ బడులవాళ్లు మద్రాసు హైకోర్టుకు వెళ్తే మినహాయింపు దొరికింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిందీ ఒక్క ఏడాదికే. 2006లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు అప్పటికే ఇరవై దాటారు.

ఇందులో జడ్జీలను తప్పుపట్టలేం. ఏకోపాధ్యాయ బడి నడిపినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఒక్కరే అయిదు తరగతులు చూస్తుంటే రెండో తరగతి దిద్దుపుస్తకాలు అలాగే ఉండిపోతాయి. మన కోర్టుల్లో అలా ఉండిపోయిన కేసులు అయిదు కోట్లు దాటాయి.

ఈ సంగతి కొత్తగా తెలిసిందీ కాదు. పది లక్షల జనాభాకు పదిన్నరమంది జడ్జీలే ఉన్నారని, 50 మంది కావాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. అయిదేళ్లలో ఆ లెక్కకు తెమ్మని 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇరవయ్యేళ్లు దాటినా మంజూరైన పోస్టులు పది లక్షలకు ఇరవై ఒకటి దగ్గరే ఆగాయి. అందులోనూ ఖాళీలు! 2016 ఏప్రిల్‌లో నాటి ప్రధాన న్యాయమూర్తి టి.ఎస్. ఠాకూర్ ప్రధాని ఎదుటే ఈ మాట చెబుతూ కంటతడి పెట్టారు.

వాయిదాలు తగ్గిస్తే చాలదా అంటారు కొందరు. కొంత నిజమే, వాయిదా అడిగే అలవాటు మన వకీళ్లకు బాగానే ఉంది. కానీ వాయిదా వేయకపోయినా, వినడానికి కుర్చీలో మనిషి ఉండాలి కదా. జడ్జీతో పాటు కోర్టు హాలు, గుమాస్తా, స్టెనో కూడా కావాలి. వీటికి డబ్బివ్వాల్సింది ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వాలే. కాబట్టి ఓటు అడగడానికి వచ్చినవారిని బడి గోడ గురించి అడిగినట్టే దీని గురించీ అడగొచ్చు.

పెంచడం అసాధ్యమేమీ కాదు. 2021లో తెలంగాణ హైకోర్టు జడ్జీల సంఖ్యను ఒకేసారి 24 నుంచి 42కు పెంచారు. సుప్రీంకోర్టు కూడా 1950లో 8 మందితో మొదలై 2019లో 34కు చేరింది.

ఇక మా క్లాసు సంగతి. పిల్లల సంచీల్లో తెలుగు వాచకం, తమిళ వాచకం రెండూ ఉంటున్నాయి. ఏది ముందు పూర్తిచేయాలని అడుగుతారు. రెండూ చదవమంటున్నాను.