చక్రాల యింటిలో నీటి ట్యాంకు – దాని లోపాలు, వాటి కారణాలు

నూనె డబ్బాకు దుకాణదారు ఒక రంధ్రము పొడిచి ఊరుకోడు, రెండు పొడుస్తాడు. ఒక దానిలోనుండి నూనె బయటికి వస్తుంది, రెండవ దానిలోనుండి గాలి లోపలికి పోతుంది. రెండవ రంధ్రము లేకపోతే నూనె కొంచెము వచ్చి ఆగుతుంది. డబ్బా గుటగుటమని మళ్ళీ కొంచెము వదలుతుంది. ఈ సంగతి మన యిండ్లలో చిన్నపిల్లలకు కూడ తెలుసు. అయినా ఎంతో ఖరీదు పెట్టి కొన్న వాహనములో నీరు రాకపోయినప్పుడు పెద్దవాళ్ళు సైతము ఆ రెండవ రంధ్రమును మరచిపోతూ ఉంటారు.

ఆ వాహనము పేరు క్యాంపర్ ట్రెయిలరు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో సెలవులకు కుటుంబముతో కొండలకు, అడవులకు, ఎడారులకు వెళ్ళేవారు దీనిని కారు వెనుక తగిలించుకొని పోతారు. ఇది చక్రాలమీద నడిచే చిన్న యిల్లు. ఇందులో పడకలు, పొయ్యి, పాత్రలు కడిగే తొట్టి, కొన్నిటిలో స్నానపుగది కూడ ఉంటాయి. వీటన్నిటికి కావలసిన మంచినీరు ట్రెయిలరులోనే ఒక ట్యాంకులో ఉంటుంది.

కొంతకాలము క్రిందట అమెరికాలో ఉన్న మా అన్నయ్య కుటుంబముతో నేను అరిజోనా ఎడారిలోని ఒక విడిదికి వెళ్ళాను. అక్కడ కుళాయి లేదు. బయలుదేరేముందు ట్యాంకులో 150 లీటర్ల నీరు నింపాము. విడిదికి చేరిన మరునాటి ఉదయము పంపు వేస్తే అది మ్రోగింది గాని నీటిచుక్క రాలేదు. గోడమీది సూచిక మాత్రము ట్యాంకు నిండుగా ఉన్నదని చూపుతున్నది. పంపే చెడిపోయినదని అన్నయ్య దానిని విప్పి మధ్యాహ్నము దాకా ఎండలో కూర్చున్నాడు. మేము ఆరుగురము, పిల్లలు ముగ్గురు. వదిన దగ్గర మిగిలినవి రెండు సీసాల నీళ్ళు. చివరకు నీటికోసము 60 కిలోమీటర్లు వెనుకకు పోవలసి వచ్చింది. పంపులో ఏ లోపమూ లేదు. మరి లోపము ఎక్కడ ఉన్నది? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పాలంటే ముందు ఈ ట్యాంకు ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

ట్యాంకు నిర్మాణము

ట్యాంకును సాధారణముగా పాలిథిలీన్ అనే ప్లాస్టిక్కుతో చేస్తారు. నేల క్రిందనో, పడక క్రిందనో అమరుస్తారు. దీనికి నాలుగు దారులు ఉంటాయి. మొదటిది నీరు పోసే లావుపాటి గొట్టము. రెండవది గాలి వచ్చిపోయే సన్నని గొట్టము. ఎక్కువైన నీరు కూడ చాలా ట్యాంకులలో దీనిలోనుండే పొర్లిపోతుంది. మూడవది పంపుకు పోయే గొట్టము. నాలుగవది అడుగున ఉండే ఖాళీచేసే కుళాయి.

పంపు 12 వోల్టుల బ్యాటరీమీద పనిచేస్తుంది. లోపల రబ్బరు పొర ఒకటి ముందుకు వెనుకకు ఆడుతూ నీటిని లాగి నెడుతుంది. నీరు వెనుకకు పోకుండ ఒకవైపే తెరచుకొనే కవాటాలు ఉంటాయి. కుళాయి కట్టివేస్తే గొట్టాలలో పీడనము పెరుగుతుంది. అది చదరపు సెంటిమీటరుకు 3 లేక 4 కిలోగ్రాములు కాగానే పీడన స్విచ్చి పంపును ఆపివేస్తుంది. కుళాయి త్రిప్పగానే పీడనము తగ్గి పంపు మళ్ళీ నడుస్తుంది. విడిదిలో కుళాయి ఉంటే దానికి రబ్బరు గొట్టము తగిలించి నీటిని నేరుగా ట్రెయిలరు గొట్టాలలోకి తీసుకోవచ్చు. అప్పుడు పంపుతో పని లేదు.

పోసిన నీరు వెనుకకు చిమ్మడము

ట్యాంకు నిండకముందే నీరు పోసేవాని ముఖాన చిమ్మితే, గాలి పోయే దారి మూసుకొన్నదని అర్థము. గొట్టము మడతపడి ఉండవచ్చు, సాలీడో కందిరీగో గూడు కట్టి ఉండవచ్చు. ఇవేవీ కనిపించకపోయినా ఇంకొక కారణము ఉండవచ్చు. గాలిగొట్టము మధ్యలో ఊయలవలె క్రిందికి వ్రేలాడితే ఆ వంపులో నీరు నిలుస్తుంది. లోపలి గాలి ఆ నీటిని పైకెత్తితే తప్ప బయటికి రాలేదు.

ఆ నీటిని 10 సెంటిమీటర్లు ఎత్తవలసి ఉన్నదనుకొందాము. అందుకు చదరపు సెంటిమీటరుకు 10 గ్రాముల పీడనము అదనముగా కావాలి. ఇది వాతావరణ పీడనములో నూరవ వంతు మాత్రమే. కాని ట్యాంకు పైభాగము 100 సెంటిమీటర్ల పొడవు, 50 సెంటిమీటర్ల వెడల్పు ఉంటే దాని వైశాల్యము 5,000 చదరపు సెంటిమీటర్లు. 10 గ్రాముల చొప్పున మొత్తము 50 కిలోగ్రాముల బలము దానిని లోపలినుండి పైకి నెడుతుంది! ప్లాస్టిక్కు ట్యాంకు ఉబ్బడములో ఆశ్చర్యమేమున్నది? గొట్టమును వంపు లేకుండ ఎగువకు సాగేటట్లు కట్టడమే దీనికి చికిత్స.

పంపు మ్రోగుతుంది, నీరు రాదు

పంపు నీటిని లాగుతుందని మనము అంటాము. నిజానికి పంపు చేసేది తనవైపు పీడనమును తగ్గించడము మాత్రమే. నీటిని నెట్టేది బయటి వాతావరణము. గాలికి బరువున్నదని, ఆ బరువే పాదరసమును గొట్టములో నిలబెడుతున్నదని ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లి 1644లో వ్రాసిన లేఖలో వివరించాడు. వాతావరణము నీటిని సుమారు 10 మీటర్లకు మించి నిలబెట్టలేదు. ట్రెయిలరులోని చిన్న పంపు తెచ్చుకోగలిగిన ఎత్తు రెండు మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది.

ట్యాంకుకు, పంపుకు మధ్య ఏ బిగింపైనా వదులైతే ఏమవుతుంది? అక్కడ లోపలి పీడనము బయటికంటె తక్కువ. కనుక పంపు నడిచేటప్పుడు నీరు బయటికి కారదు. గాలే లోపలికి దూరుతుంది. చుక్క తడి కూడ కనిపించదు గనుక ఈ లోపము చాలామందిని మోసగిస్తుంది. పంపుకు ముందు ఇసుకను పట్టే చిన్న వడపోత గిన్నె ఉంటుంది. దాని మూత పారదర్శకమైతే బుడగలు కనిపిస్తాయి. మూత క్రింది రబ్బరు వలయము పొడిబారి చిట్లినా, చెత్త అడ్డుపడినా ఇదే ఫలితము.

ఒక చిన్న పరీక్షతో తగవు తీర్చవచ్చు. పంపుకు నీరు వచ్చే గొట్టమును ఊడదీసి, మరొక గొట్టము తగిలించి, దాని కొసను బక్కెటు నీటిలో ముంచాలి. నీరు వస్తే పంపు మంచిదే, లోపము ట్యాంకువైపు ఉన్నది. రాకపోతే పంపునే విప్పాలి. మా అన్నయ్య ఈ పరీక్ష చేసి ఉంటే అయిదు నిమిషాలలో పంపు నిర్దోషియని తేలేది.

మొదట బాగా వచ్చి, పోనుపోను నీరు సన్నగిల్లితే గాలిగొట్టమును అనుమానించాలి. నీరు తగ్గినకొద్దీ లోపలి గాలి పలుచబడుతుంది. పంపుకు నీటిని నెట్టే బలము తగ్గుతుంది. నీరు పోసే మూతను తెరచినప్పుడు గాలి బుస్సుమని లోపలికి పోయి ధార మళ్ళీ పెరిగితే అనుమానము నిజమే.

ఎవరూ త్రిప్పకుండ పంపు మ్రోగడము

అర్ధరాత్రి అందరూ నిద్రలో ఉండగా పంపు ఒక్క క్షణము మ్రోగి ఆగుతుంది. కొంతసేపటికి మళ్ళీ మ్రోగుతుంది. గొట్టాలలో పీడనము ఎక్కడో తగ్గుతున్నదని దీని అర్థము. బిగింపుల క్రింద పొడి కాగితాలు పరచి చూడాలి. తడిసిన కాగితము లోపమున్న చోటును చూపుతుంది. ఏ కాగితమూ తడవకపోతే పంపులోని కవాటము సరిగా మూసుకోక నీరు ట్యాంకులోకే జారిపోతున్నదన్నమాట. ఒక ఇసుక రేణువు ఇరుక్కొన్నా ఇది జరుగుతుంది.

ఈ చిన్న లోపమే విడిది కుళాయి తగిలించినప్పుడు ప్రమాదమవుతుంది. బయటి నీరు కవాటమును దాటి ట్యాంకులోకి ఎదురెక్కుతుంది. ట్యాంకు తనలోని నీటి బరువును మోయడానికి చేసినదే గాని కుళాయి పీడనమును ఆపడానికి చేసినది కాదు. పొర్లిపోయే దారి చాలకపోతే అది ఉబ్బి పగులుతుంది. కనుక కుళాయి తగిలించిన తరువాత ట్యాంకు తనంతట తాను నిండుతున్నట్లు కనిపిస్తే వెంటనే కుళాయి కట్టివేసి, పంపు కవాటమును శుభ్రము చేయడమో మార్చడమో చేయాలి.

దారిలో మాయమైన నీరు

ఇప్పుడు మా 150 లీటర్ల సంగతి. ఆ ట్యాంకు గాలిగొట్టము పైఅంచుకు కొంచెము దిగువగా పక్కగోడలో అమర్చి ఉన్నది. అక్కడినుండి కొంచెము పైకి లేచి, వంగి, ట్రెయిలరు క్రిందికి దిగుతుంది. ఎక్కుడులోను, మలుపులోను నీరు ఒక పక్కకు ఒరిగి గొట్టపు నోటిని ముంచి, వంపు దాటి క్రిందికి దూకుతుంది. గొట్టము నిండిన తరువాత దాని క్రింది కొస ట్యాంకులోని నీటిమట్టముకంటె దిగువగా ఉన్నది గనుక సైఫను మొదలవుతుంది. నోరు మునిగి ఉన్నంతసేపు నీరు పోతూనే ఉంటుంది. గంటలకొలది సాగిన కొండదారిలో ఇట్లా ఎన్నిసార్లు జరిగిందో! చేరేసరికి సగము నీరైనా మిగలలేదు. అది తెలియక ఆ రాత్రి అందరమూ ధారాళముగా వాడుకొన్నాము.

గొట్టపు వంపును వీలైనంత ఎత్తుకు కట్టడము దీనికి ఉపాయము. కొందరు గొట్టపు కొసకు చిన్న కుళాయి బిగించి ప్రయాణములో మూసివేస్తారు. కాని విడిదిలో దానిని తెరవడము మరచిపోతే గాలి అందక పంపు మొరాయిస్తుంది. ఒక లోపానికి వేసిన మందు ఇంకొక లోపాన్ని తేకూడదు.

అబద్ధమాడే సూచిక

నీరు పోయినప్పుడు సూచిక ఎందుకు చెప్పలేదు? చాలా ట్రెయిలర్లలో ట్యాంకు గోడకు వేర్వేరు ఎత్తులలో లోహపు మేకులు ఉంటాయి. నీటిలో కరిగిన లవణాల వల్ల విద్యుత్తు ప్రవహిస్తుంది. నీరు ఏ మేకుదాకా ఉంటే ఆ వలయము పూర్తి అయి దీపము వెలుగుతుంది. అయితే గోడమీద పాచి, లవణాల పొర తడిగా అంటుకొని ఉంటే నీరు దిగిపోయినా విద్యుత్తు ఆ పొరగుండా పోతుంది. అప్పుడు ఖాళీ ట్యాంకు కూడ నిండుగానే కనిపిస్తుంది. దీనికి విరుద్ధముగా మేకు త్రుప్పుపడితే నిండిన ట్యాంకు ఖాళీగా కనిపిస్తుంది. అందుచేత సూచికను నమ్మేముందు ట్యాంకు గోడను వ్రేలితో కొట్టి చూడాలి. నీరున్న చోట ఒక ధ్వని, లేని చోట ఒక ధ్వని వినిపిస్తాయి.

మాకు రెండు లోపాలు ఒక్కసారే కలిగాయి. సైఫను నీటిని దొంగిలించింది, సూచిక ఆ దొంగతనమును దాచింది, నింద పంపుమీద పడింది.

దుర్వాసన

నీరు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేస్తే అది హైడ్రోజన్ సల్ఫైడు వాయువు. నీటిలోని సల్ఫేటులనుండి కొన్ని బాక్టీరియాలు దీనిని తయారుచేస్తాయి. వేడినీటికి మాత్రమే వాసన ఉంటే లోపము నీరు కాచే పాత్రలో ఉన్నది. త్రుప్పును నివారించడానికి కొన్నిటిలో ఉంచే మెగ్నీషియము కడ్డీ ఈ బాక్టీరియాలకు తోడ్పడుతుంది. చన్నీటికి కూడ వాసన ఉంటే ట్యాంకునే శుద్ధిచేయాలి.

ఎంత క్లోరీను మందు కావాలి? లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల చొప్పున 100 లీటర్లకు 5 గ్రాములు కావాలి. బజారులో దొరికే సోడియము హైపోక్లోరైటు ద్రావణము 5 శాతము గలదైతే 100 మిల్లీలీటర్లలో ఆ 5 గ్రాములు ఉంటాయి. సువాసన కలిపిన రకము పనికిరాదు. ద్రావణమును నీటిలో కలిపి, ట్యాంకును నింపి, ప్రతి కుళాయిలోను క్లోరీను వాసన వచ్చేదాకా పంపు నడిపి, రాత్రంతా ఉంచాలి. తరువాత ఖాళీచేసి వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. ఈ ద్రావణముతో వెనిగరును గాని, మరి ఏ ఆమ్లమును గాని ఎన్నడూ కలపకూడదు; విషమైన క్లోరీను వాయువు వెలువడుతుంది.

చలిదేశాలలో ఇంకొక జాగ్రత్త ఉన్నది. నీరు గడ్డకట్టినప్పుడు ఘనపరిమాణము సుమారు 9 శాతము పెరిగి గొట్టాలను, పంపును పగులగొడుతుంది. కనుక శీతకాలానికి ముందే నీటినంతా తీసివేయాలి.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఒక ప్లాస్టిక్కు సీసాకు అడుగుభాగమున సూదితో చిన్న రంధ్రము చేయండి. దానిని వ్రేలితో మూసి, నీరు నింపి, మూత బిగించి, వ్రేలు తీయండి. నీరు కొంచెము వచ్చి ఆగిపోతుంది. మూత వదులు చేయండి, ధార వస్తుంది. మళ్ళీ బిగించండి, ఆగుతుంది. నీటిని మనము ముట్టుకోలేదు, గాలిదారిని మాత్రమే మూసి తెరచాము. తరువాత విద్యార్థులను ఇట్లా అడగండి: ‘ట్యాంకు నిండుగా ఉన్నదని సూచిక చెబుతున్నది, పంపు మ్రోగుతున్నది, నీరు రావడము లేదు. మొదట ఏమి చూస్తారు?’

ఎక్కువమంది పంపు అని అంటారు. చెడిపోయే భాగములన్నిటిలో మనకు వినిపించేది అదే గదా! పంపును విప్పకముందే ట్యాంకు గోడను కొట్టి చూచి, మూత తెరచి, గొట్టమును బక్కెటులో ముంచి, ఒక్కొక్క అనుమానమును ఒక్కొక్క పరీక్షతో తొలగించే విద్యార్థి ఎవరైనా ఉంటే, ఎడారిలో ఆ పిల్లవాని వెంట నేను నిర్భయముగా వెళ్తాను.