పాలు పెరిగిన దారులు

1950-51లో మన దేశంలో ఏడాదికి కోటీ 70 లక్షల టన్నుల పాలు వచ్చేవి. 2023-24లో దాదాపు 24 కోట్ల టన్నులు వచ్చాయి. 1990ల చివర్లోనే అమెరికాను దాటి మన దేశం మొదటి స్థానానికి చేరింది. అయితే పాలు పెరిగిన తీరు అక్కడొకటి, ఇక్కడొకటి.

అమెరికాలో 1944లో పాడి ఆవులు సుమారు రెండున్నర కోట్లు. ఇప్పుడు కోటి కూడా లేవు, పాలు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి. మేలైన ఆబోతుల వీర్యంతో కృత్రిమ గర్భధారణ, తూకం ప్రకారం దాణా, పాతర గడ్డి, పాలు పితికే యంత్రాలు ఇందుకు కారణం. ఆ క్రమంలోనే లక్షల చిన్న కుటుంబాలు పాడిని వదిలేశాయి. ఐరోపాలో పాలు మితిమీరి వెన్న, పాలపొడి గుట్టలు పడ్డాయి. అందుకే 1984లో దేశాలవారీగా పరిమితి పెట్టి, 2015లో ఎత్తేశారు.

ఆ మిగులులో కొంత మనకు సాయంగా వచ్చింది. ఉచితంగా వచ్చిన సరుకు ఇక్కడి రైతును ముంచేదే. కానీ వర్గీస్ కురియన్ నడిపించిన పాడి అభివృద్ధి పథకం ఆపరేషన్ ఫ్లడ్ (1970–1996) ఆ పొడిని, వెన్ననూనెను పాలుగా మార్చి అమ్మించి, ఆ సొమ్ముతో డెయిరీలు, చిల్లింగ్ కేంద్రాలు కట్టించింది. పశువు మారకముందే ఊళ్లోకి పాల కేంద్రం వచ్చింది. రెండు బర్రెలున్న ఇంటికి కూడా రోజూ పాలు కొనే చోటు దొరకడమే అసలు మలుపు.

నెల్లూరు జిల్లా కొడవలూరు వంటి వరి మాగాణి ప్రాంతాల్లో పాడికి ఆధారం వరిగడ్డి, తవుడు. పాలకు ధర కట్టేది ప్రధానంగా వెన్న శాతాన్ని బట్టి. ఆవుపాలలో అది నాలుగు దగ్గర ఉంటే గేదెపాలలో ఏడు దాకా ఉంటుంది. దాంతో ముర్రా గేదెలకు గిరాకీ పెరిగింది. ట్రాక్టర్లొచ్చి దుక్కిటెద్దుల పని తగ్గాక ఒంగోలు జాతి ఇక్కడ పలచబడింది. అదే జాతి బ్రెజిల్‌లో ‘నెలోర్’ పేరుతో కోట్లలో ఉంది, అక్కడ పెంచేది ప్రధానంగా మాంసానికి. స్వదేశీ జాతులను కాపాడేందుకు జిల్లాలోని చింతలదేవిలో జాతీయ కామధేను కేంద్రం నెలకొల్పారు.

మన పశువు ఒక ఈతకిచ్చే పాలు అమెరికా ఆవుతో పోలిస్తే ఇప్పటికీ చాలా తక్కువ. జాతి ఒక్కటి మారితే సరిపోదు, పచ్చిమేత కావాలి. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు బహు స్వల్పం. వరి కోతకు ముందు చల్లే పిల్లిపెసర, జనుము ఈ లోటును తక్కువ ఖర్చుతో కొంత తీర్చగలవు.