డ్రిప్‌కు కాలువ నీరు వాడుతున్నారా? సంపు ఇలా కట్టుకోండి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో కె.సి. కాలువ నీటిని సంపులో నింపి డ్రిప్‌కు వాడే రైతులు ముందుగా ఒండ్రు సంగతి చూసుకోవాలి. తుంగభద్రకు వరద వచ్చినప్పుడు సుంకేసుల నుంచి వచ్చే నీరు బురదగా ఉంటుంది. అది నేరుగా పైపుల్లోకి వెళితే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. పూత మీదున్న మిరపకు తడి అందకపోతే పూత రాలిపోతుంది.

ల్యాటరళ్ల మధ్య 1.2 మీటర్లు, డ్రిప్పర్ల మధ్య 40 సెం.మీ. ఉంటే ఎకరాకు సుమారు 8,400 డ్రిప్పర్లు పడతాయి. గంటకు 2 లీటర్ల చొప్పున 2 గంటలకు దాదాపు 34,000 లీటర్లు కావాలి. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు సంపులో 50,000 లీటర్లు పడతాయి. పైన 20 సెం.మీ. ఖాళీ ఉంచాలి. ఫుట్‌వాల్వ్ అడుగు నుంచి 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి, దానిపై మరో 30 సెం.మీ. నీరు ఎప్పుడూ నిలవాలి. లేకుంటే మోటారు గాలి పీలుస్తుంది. ఇవన్నీ పోగా వాడుకోదగ్గవి 34,000 లీటర్లే.

కాలువ నీటిని ముందు చిన్న తొట్టిలో పడనిచ్చి, తేటనీరు మాత్రమే పొర్లి సంపులోకి వచ్చేలా కట్టండి. ఖర్చని దీన్ని మానేస్తే ఏటా డ్రిప్పర్లకే పెట్టాలి.

నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు పగుళ్లిస్తుంది. గోడల చుట్టూ ఆ మట్టే నింపకుండా గరుసు నింపండి.

ముందు ఇసుక ఫిల్టరు, తర్వాత స్క్రీన్ ఫిల్టరు బిగించాలి. ఇసుక ఫిల్టరుకు ముందూ వెనకా ప్రెషర్ తేడా 0.5 కిలోలు దాటితే బ్యాక్‌వాష్ చేయాలి.

పిల్లలు, పశువులు పడకుండా సంపు చుట్టూ కంచె తప్పనిసరి. లోపల మెట్లు కూడా పెట్టించండి.