మేజిస్ట్రేటుగారి చేతికీ ఒక కొలత ఉంది

మొన్న కంభంలో మా వీధి పెద్దావిడ ఒకరు నన్ను నిలేశారు. “కోపంతో ఒకరి చెయ్యి విరగ్గొడితే ఏడేళ్ల దాకా జైలు ఉందన్నావు కదమ్మా! మేజిస్ట్రేటుగారు మూడేళ్లకు మించి వేయలేరట. ఇదెక్కడి న్యాయం?”

రెండూ నిజమే. నేరానికి గరిష్ఠ శిక్ష ఎంతో ఒక చట్టం చెబుతుంది. ఏ మేజిస్ట్రేటు ఎంత వేయవచ్చో మరో చట్టం చెబుతుంది. మన చెరువులో నీరెంత ఉన్నా, తూము పట్టినంతే కదా పారేది!

2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం రెండవ తరగతి మేజిస్ట్రేటు ఒక ఏడాది జైలు, 10 వేల రూపాయల జరిమానా వరకు వేయవచ్చు. మొదటి తరగతి వారు 3 ఏళ్లు, 50 వేల వరకు. చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటు 7 ఏళ్ల వరకు. ఉరిశిక్ష, యావజ్జీవం వీరెవరూ వేయలేరు. వరకట్న మరణం వంటి కేసులు సెషన్స్ కోర్టుకే వెళతాయి.

మరి ఆ పెద్దావిడ అడిగిన మిగతా నాలుగేళ్ల మాటేమిటి? ముద్దాయి దోషేననీ, తాను వేయగల శిక్ష చాలదనీ తోస్తే, మేజిస్ట్రేటు తన అభిప్రాయం రాసి కేసును చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేటుకు పంపవచ్చు. దారి ఉందన్నమాట.

అయితే అలా తోచాలంటే రుజువు ఉండాలి. ఎముక విరిగినా, పన్ను ఊడినా చట్టం దాన్ని తీవ్రమైన గాయంగానే లెక్కిస్తుంది. ఇంటి పరువు పోతుందని ఆసుపత్రిలో “జారిపడ్డానండీ” అనకండి. డాక్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పండి, ఎక్స్‌రే, చీటీలు భద్రం చేసుకోండి. మనమే దాచిపెడితే ఎంత పెద్ద కోర్టయినా ఏం చేస్తుంది చెప్పండి?